రేక్యావిక్‌లో చెడిన బేరం వాషింగ్టన్‌లో ఎలా కుదిరింది?

ప్రచ్ఛన్న యుద్ధం ఎలా ముగిసిందో చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వాయుధాలన్నీ తీసేద్దామనేదాకా వెళ్లారు. ఒక్క మాట దగ్గర అంతా చెడింది: అమెరికా అంతరిక్ష రక్షణ (వచ్చే క్షిపణుల్ని అంతరిక్షం నుంచి కూల్చే పథకం) పరీక్షలు ప్రయోగశాల దాటకూడదని గోర్బచేవ్, కుదరదని రీగన్. తీరా 1987 డిసెంబరు 8న వాషింగ్టన్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. 500 నుంచి 5,500 కిలోమీటర్లు వెళ్లే, నేల మీద నుంచి ప్రయోగించే క్షిపణులన్నీ రద్దు!

మరి ఆ షరతును గోర్బచేవ్ మధ్యలో ఎందుకు వదిలేశారు? చమురు ధర పడిపోవడమా, చెర్నోబిల్ అణు ప్రమాదం దెబ్బా, అఫ్గానిస్తాన్ ఖర్చా? అన్నీ కలిసే అంటారేమో, అది నేనూ చదివానండీ. ఏది ఎక్కువ పనిచేసిందన్నదే నా డౌట్. బెర్లిన్ గోడ, 1991లో సోవియట్ పతనం సంగతులు వద్దు, ఈ 14 నెలల గురించే కావాలి.