సముద్రపు మంచులో స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) కొలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సాగర్_మోడల్స్: క్లైమేట్ మోడళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ధ్రువాల మంచు ఎంత బలానికి విరుగుతుందో లెక్కించడానికి ఇప్పటికీ 1979 నాటి హిబ్లర్ ఫార్ములానే వాడుతున్నాం. అందులో చాలామంది పెట్టే అంకె చదరపు మీటరుకు 27,500 న్యూటన్లు. అది మంచు కదలికకు సరిపడేలా కుదుర్చుకున్న అంకె, మంచులో కొలిచింది కాదు. నేరుగా కొలిచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉత్తరపుగాలి: ఉత్తర ధ్రువం దగ్గరి నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో ఒక సీజనంతా ఇదే పని చేశాను. డ్రిల్‌తో రంధ్రం వేసి, స్టీల్ సిలిండర్ దింపి, నీళ్లు పోసి గడ్డకట్టనివ్వాలి. ఆ గడ్డకట్టే నీళ్లే సిలిండర్‌ని పిండేస్తాయి, కాబట్టి మొదట్లో వచ్చే రీడింగులు నమ్మొద్దు. లోపల మూడు దిక్కుల్లో మూడు తీగలుంటాయి. కాయిల్ వాటిని మీటుతుంది, మనం ఫ్రీక్వెన్సీ చదువుతాం. మంచు ఏ వైపు నొక్కితే ఆ వైపు తీగ వదులై, వీణ బిరడ తిప్పినట్టు శ్రుతి దిగుతుంది.

కాంక్రీట్_బాబాయ్: ఓర్నీ, ఇది మా వైబ్రేటింగ్ వైర్ గేజేగా! డ్యాముల్లో కాంక్రీటు పోసేటప్పుడే పాతేస్తాం. ఎండకి లోడ్ లేకుండానే రీడింగ్ మారిపోయి మా ప్రాణం తీస్తుంది. మీకా గొడవ లేదేమో, అక్కడంతా చలే కదా?

ఉత్తరపుగాలి: ఎందుకు లేదు బాబాయ్ గారూ! చలి ముదిరితే మంచు ముడుచుకోబోతుంది, పక్క మంచు వదలదు, దాంతో లాగుడు. మబ్బు పట్టి కాస్త వెచ్చబడితే నొక్కుడు. కాకపోతే ఉష్ణోగ్రత వల్ల వచ్చేది చాలావరకు అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. గాలి, ప్రవాహం తోసేది ఒక దిక్కునే ఎక్కువ. అలా విడదీస్తాం.

తిరుపతి_రాకెట్: ఇన్ని తిప్పలెందుకు బ్రో? 2025 జులైలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం ఉందిగా!

సాగర్_మోడల్స్: దాని రాడార్ బొమ్మల్లో మంచు ఎటు జరిగిందో తెలుస్తుంది, ఎంత బలానికి జరిగిందో తెలీదు. మంచు కదలకుండా బిగుసుకుని ఉన్నప్పుడు బొమ్మలో మార్పేమీ ఉండదు, లోపల మాత్రం ఒత్తిడి పేరుకుపోతుంటుంది. ఒక్కసారిగా నెర్ర విడుస్తుంది. చలికాలంలో సముద్రపు వేడి అందులోంచే గాలిలోకి పోతుంది. వేసవిలో ఆ నల్లటి నీళ్లు ఎండని తాగేస్తాయి. మోడల్‌కి కావలసింది ఆ పగిలే క్షణమే, అక్కడే మా లెక్క తప్పుతోంది.

మంచుపిచ్చి: 1997–98లో షెబా అనే ఆర్కిటిక్ పరిశోధన యాత్ర వాళ్లు అలాస్కాకి ఉత్తరాన బ్యూఫోర్ట్ సముద్రంలో ఇలాంటి సెన్సర్లే పెట్టారు. ఒకే ఫలకంలో అంచు రీడింగుకీ నడిమి రీడింగుకీ పొంతన ఉండదు, అంచునే ఎక్కువ.

సాగర్_మోడల్స్: అదే నా బాధ. మా గ్రిడ్‌లో ఒక్కో గడి పదుల కిలోమీటర్లు. ఒక్క సిలిండర్ అంకెని దానికెలా అంటగట్టను?

ఉత్తరపుగాలి: అంటగట్టకండి. అంచున కొన్ని, నడుమ కొన్ని పెట్టి, చుట్టూ మంచు ఎటు జరుగుతోందో చెప్పే జీపీఎస్ బోయాలు (buoys) వేయించండి. కదలికా, స్ట్రెస్సూ ఒకే గంటకి పక్కపక్కన దొరుకుతాయి. అన్నట్టు, కేబుళ్లకి గట్టి పైపు తొడగండి. ధ్రువపు నక్కలు కొరికి పారేస్తాయి.

కాంక్రీట్_బాబాయ్: మాకు ఎలుకలు!