వేసవి ప్రోగ్రాముల్లో స్నేహితుడి కొత్త ఆల్బమ్ పాటలు ఎలా పాడాలి?

ఎంవీపీ గిటార్:
అందరికీ నమస్కారం. ఈ మే నెలలో వైజాగ్‌లో నాలుగు ప్రోగ్రాములు ఒప్పుకున్నాను, రెండు బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట, ఒకటి రుషికొండ వైపు కేఫ్‌లో, ఇంకొకటి సిరిపురంలో చిన్న హాల్లో. నాతో పాటే పాటలు కట్టడం మొదలుపెట్టిన బొబ్బిలి స్నేహితుడొకడు మొన్ననే తన మొదటి ఆల్బమ్ విడుదల చేశాడు. ఎనిమిది పాటలు, మాటలూ బాణీ అన్నీ తనవే, అన్నీ మన ఉత్తరాంధ్ర యాసలోనే. వాళ్ల నాన్న వైజాగ్ హార్బర్లో కూలి చేసి వారానికోసారి ప్యాసింజర్ బండికి ఇంటికి రావడం మీద ఒక పాట ఉంది, నేను రోజూ వింటున్నా ఇంకా గొంతు పట్టేస్తోంది. వాటిలో మూడు పాడాలని ఉంది. కానీ జనం సినిమా పాటలే అడుగుతారు, పోయిన వేసవిలో నా సొంత పాట మొదలుపెట్టగానే సగం మంది లేచి ముంత మసాలా బండి దగ్గరికి వెళ్లిపోయారు. వాడి పాటకి అలా జరిగితే నేను తట్టుకోలేను. టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కంచరపాలెం కీబోర్డ్:
తమ్ముడూ, మూడూ ఒకేచోట పాడకు. అందరికీ తెలిసిన పాట రెండు పాడి, చప్పట్లు ఆగకముందే ఒకటి అందుకో. ఇక బీచ్ దగ్గర అసలు ఇబ్బంది గాలి. సాయంత్రం సముద్రం మీంచి నేరుగా మైకులోకి కొడుతుంది, మాటలు వినపడవు, కొత్త పాటకి మాట వినపడకపోతే ఇంకేం మిగలదు. మైకుకి ఫోమ్ తొడుగు వేయించు, గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు. గిటార్‌ని ఏసీ కారులోంచి తీసి వెంటనే శ్రుతి చేయొద్దు, ఆ ఉక్కలో పావుగంటకే మారిపోతుంది. అరగంట ముందే బయట పెట్టి అప్పుడు చేసుకో. అయిపోయాక తీగలు పొడిగుడ్డతో తుడువు, ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తాయి. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు, కాబట్టి వాడి పాటలు చివరికి దాచిపెట్టకు.

విజినారం వీణ:
హార్బర్ పాటకి ముందు ఆ నాన్న గురించి నాలుగు ముక్కలు చెప్పండి, వాద్యం సన్నగా నడుస్తుండగానే. హరికథలో చేసేది ఇదే కదా. ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన నేల మనది, కథ చెప్పి పాట ఎత్తుకుంటే వినే చెవులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఇంకో మాట, మీ స్నేహితుడి శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టకండి. మీ గొంతుకి హాయిగా ఉన్నచోటికి దించుకోండి. యాస మాత్రం మార్చకండి, ‘ఎల్లొస్తాను’ అని రాస్తే అలాగే పాడండి.

సీతమ్మధార శ్రోత:
అనుమతి సంగతి ఎవరూ ఎత్తలేదు. స్నేహితుడే అయినా మెసేజ్‌లో రాయించుకో. అతను ఐపీఆర్‌ఎస్ అనే పాటల హక్కుల సంస్థలో సభ్యుడైతే వేదికల మీద పాడే హక్కులు ఆ సంస్థ చూస్తుంది కాబట్టి లైసెన్సు సంగతి నిర్వాహకుల్ని అడగాలి. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక రాసినవాళ్లకి రాయల్టీ హక్కు గట్టిపడింది, మనలాంటి చిన్నవాళ్లు దాన్ని వదులుకోకూడదు. ప్రతి పాటకీ ముందు అతని పేరూ ఆల్బమ్ పేరూ చెప్పు. వీలైతే క్యూఆర్ కోడ్ పెద్ద అట్ట మీద అతికించి స్టేజీ పక్కన పెట్టు, పాట నచ్చినవాళ్లు ఇంటికెళ్లేలోపే మళ్లీ వింటారు.

ఎంవీపీ గిటార్:
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను, సభ్యత్వం లేదట, అనుమతి రాసి పంపాడు. హార్బర్ పాట రెండు మెట్లు దించి పాడి చూశాను, బాగా కుదిరింది. సిరిపురం హాల్లో గాలి బాధ ఉండదు కాబట్టి మొదట అక్కడే పాడతాను. వాళ్ల నాన్నని కూడా తీసుకురమ్మన్నాను, వస్తానన్నారట.