ఒకే పేరుతో ఇద్దరు డాక్టర్లు: పేపర్లు ఎవరివో తేల్చేదెలా?

మాది మర్రిగూడ వైపు, నల్గొండలో నర్సింగ్ చదువుతున్నాను. గర్భిణుల్లో రక్తహీనత, తాగునీటి ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మా పాత బోర్లు ఎప్పుడో దాటాయి, అందుకే ఈ పట్టుదల. ఇదే విషయంపై రాసే ఒక డాక్టరమ్మ పరిశోధన పేపర్లన్నీ చదవమన్నారు మా మేడం. వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు పబ్‌మెడ్‌లో చూస్తే తల తిరుగుతోంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఉత్త పొడి అక్షరం! అదే పేరున్న కంటి డాక్టరు పేపర్లూ కలిసిపోతున్నాయి. ఒక్కో రచయితకు విడిగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ ఐడీ ఉంటే తేలికే, ఆమెకు కనబడలేదు. ఆసుపత్రి పేరు, తోటి రచయితలను బట్టి విడదీయొచ్చా? పెళ్లికి ముందు ఇంటిపేరుతో రాసినవి ఎలా పట్టుకోవాలి? ఆమెకే మెయిల్ పెడితే ఏమైనా అనుకుంటారా? తెలిసిన అన్నలు, అక్కలు కొంచెం చెప్పండి.