రెండు నిమిషాల దీపంలో భక్తి ఉంటుందా?

ప్రశ్న: గోదావరి కోడలు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో మెదులుతున్న విషయం ఒకటి పెద్దలను, అనుభవమున్న వారిని అడగాలని రాస్తున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లె. 11 ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాము. గత కార్తీకమాసంలో మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మేము చెప్పేది ఆవిడకు అర్థమవుతుంది గానీ, తాను చెప్పదలచుకున్నది నోటికి రాదు. ‘ఊ’, ‘వద్దు’, మా వారి పేరు, ఈ 7 నెలల్లో ఆవిడ నోట విన్న మాటలు ఇవే.

ఆవిడ తిరుగుతున్నన్నాళ్లూ మా ఇంట్లో తెల్లవారడానికి ఒక పద్ధతి ఉండేది. నాలుగున్నరకు లేచి, అపార్ట్‌మెంట్ గుమ్మం ముందున్న ఆ కాస్త చోటులోనే బియ్యప్పిండితో ముగ్గు వేసి, బాల్కనీలో కుండీలోని తులసికి నీళ్లు పోసి, దేవుడి దగ్గర కూర్చుంటే గంటకు గానీ లేచేవారు కాదు. ఒత్తులు కూడా కొననిచ్చేవారు కాదు. మధ్యాహ్నం పత్తి ముందు పెట్టుకుని, గింజలు ఏరి, తొడ మీద ఒత్తి, వారానికి సరిపడా డబ్బాలో వేసి ఉంచేవారు. నేను శ్లోకం చదివేటప్పుడు ఒత్తు పలకకపోతే వంటింట్లో నుంచే దిద్దేవారు. అప్పట్లో అది నాకు కొంచెం కష్టంగా ఉండేది.

ఇప్పుడు ఆ పీట నాదైంది. మా వారు ఉదయం ఏడింటికే బయలుదేరతారు. పాపను బడికి తయారు చేయాలి, అత్తయ్యగారికి ఒళ్లు తుడిచి బట్టలు మార్చాలి, మెత్తగా పిసికిన అన్నం పెట్టాలి, తొమ్మిదింటికి నేను ల్యాప్‌టాప్ ముందు ఉండాలి. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా వచ్చి దీపం వెలిగించి వెళుతున్నాను. చెయ్యి జోడించినప్పుడు కూడా చెవి పాల మీదే ఉంటుంది. ఆవిడ మంచం మీద నుంచి నన్నే చూస్తూ ఉంటారు. ఆ చూపులో ఏముందో నాకు తెలియదు.

నా సందేహం రెండు రకాలు. మనసు నిలవని ఈ రెండు నిమిషాల దీపాన్ని భక్తి అనవచ్చా? రెండోది, అడగడానికి నాకు మరింత కష్టంగా ఉన్నది. ఇంట్లో చిన్న చిన్న విషయాల్లోనే సంతోషం ఉంటుందని అందరూ అంటారు. నాకు పని కనిపిస్తున్నది గానీ సంతోషం కనిపించడం లేదు. మీ ఇళ్లలో అది ఎక్కడ దొరికిందో దయచేసి చెప్పండి.

జవాబు: తులసివనం

అమ్మాయీ, నాకు 68 ఏళ్లు, మాది తెనాలి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తిరుమల స్థలపురాణంలో భీముడనే కుమ్మరి కథ ఉంది, మీ అత్తగారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. కుండలు చేయకపోతే పూట గడవని మనిషి. గుడికి వెళ్లే తీరిక లేక, ఇంట్లోనే స్వామిని నిలుపుకొని, సారె తిప్పుతూ మధ్యలో చేతికి అంటిన మట్టితోనే పువ్వులు చేసి అర్పించేవాడట. అక్కడ కొండ మీద తొండమాను చక్రవర్తి బంగారు పువ్వులతో పూజ చేస్తే, మరునాటికి అవి పక్కకు తొలగి, స్వామి పాదాల దగ్గర మట్టిపువ్వులు కనిపించేవట. ఇవి ఎక్కడివని వెతుక్కుంటూ రాజు ఆ కుమ్మరి గుడిసెకు వెళ్లాడని కథ. ఈ కథలో నాకు ఇష్టమైన సంగతి ఏమిటంటే, ఆ కుమ్మరి పని మానుకుని పూజ చేయలేదు. చేతికి అంటినదాన్ని కడుక్కుని మంచి పువ్వులు తెచ్చే తీరిక అతనికి లేదు, అందుకని అంటినదే ఇచ్చాడు. నేటికీ తిరుమలలో కొత్త మట్టికుండ పెంకులో పెట్టిన పెరుగన్నం కులశేఖరపడి అనే గర్భగుడి గడప దాటి స్వామి సన్నిధికి వెళుతుందని పెద్దలు చెబుతారు. రోజూ మీ అత్తగారికి నువ్వు మెత్తగా పిసికి పెడుతున్నది బహుశా పెరుగన్నమే అయి ఉంటుంది. పెట్టేటప్పుడు ఈ మాట ఒక్కసారి గుర్తు తెచ్చుకో.

బియ్యప్పిండి ముగ్గు గురించి కూడా రాశావు. సుద్దముగ్గు తేలికే అయినా, చీమలకు, పిచ్చుకలకు ఇంత పెట్టినట్టు ఉంటుందనే మన పెద్దలు పిండితో వేసేవారు. రోజూ వేయలేకపోతే శుక్రవారం ఒక్కరోజు, నాలుగు చుక్కలతో వెయ్యి. పాప చేత వేయించు, వంకర పోతే పోనీ.

ఇంకొక్క మాట. మీ అత్తగారి ఎడమ చెయ్యి బాగానే ఉన్నది కదా, పత్తి ఆవిడ ముందు పెట్టి చూడు. ఒత్తులు చేయడం చేతికి తెలిసిన విద్య.

జవాబు: చీరాల టీచర్

గోదావరి కోడలు గారికి వందనాలు. మేము క్రైస్తవులం కాబట్టి మా ఇంటి అలవాట్లు వేరు, కానీ మీ ప్రశ్న మాత్రం మా అమ్మ అడిగిన ప్రశ్నే.

మాది చేనేత కుటుంబం. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. కండె ఖాళీ అయితే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే కూలి ఆగిపోతుంది. అందుచేత అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేయడం నేను ఆదివారం గుడిలో తప్ప చూసినట్టు గుర్తు లేదు. రాట్నం తిప్పుతూ కీర్తనలు పాడేది. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అమ్మకు రాగం పేరు తెలియదు, తాళం మాత్రం రాట్నం చప్పుడే వేసేది. దారం తెగితే పాట ఆపి, ముడి వేసి, ఆపిన చోటు నుంచే మళ్లీ అందుకునేది. ప్రార్థన మధ్యలో ఆగిపోవడం తప్పు కాదని నాకు ఎవరూ బోధించి చెప్పలేదు, ఆ ముడి వేసే వేళ్లను చూసి నేర్చుకున్నాను.

మా సువార్తల్లో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్లు ఉన్నారు. మరియ యేసు ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింటుంటే, మార్త వడ్డనల పనిలో సతమతమై, చెల్లెలు సాయం చేయడం లేదని ఫిర్యాదు చేస్తుంది. ప్రసంగాల్లో చాలామంది మార్తను అక్కడే వదిలేస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే తమ్ముడు లాజరు చనిపోయి నాలుగు రోజులైన తర్వాత ప్రభువు వస్తే ఊరి బయటకు ఎదురు వెళ్లి, ఆయనే క్రీస్తు అని నోరు తెరిచి ఒప్పుకున్నది ఈ వంటింటి మార్తే. అంత గట్టి విశ్వాసం ఆమెకు ఆ ఒక్కరోజులో కలిగిందని నేను అనుకోను. పునరుత్థానం తర్వాత, అంటే మరణం నుంచి తిరిగి లేచిన తర్వాత, ప్రభువు కూడా, రాత్రంతా వల వేసి అలసిన శిష్యుల కోసం ఒడ్డున బొగ్గుల నిప్పు మీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, వచ్చి తినమని పిలుస్తాడు. సముద్రం పక్కన పుట్టినదాన్ని కాబట్టి ఆ చేపల వాసన నాకు తెలుసు, ఆ భాగం చదివిన ప్రతిసారీ కళ్లు తడుస్తాయి.

సంతోషం ఎక్కడ దొరికిందని అడిగారు. వెతికినప్పుడు నాకూ దొరకలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి, దండెం మీద నుంచి బట్టలు తీసి మడత పెడుతున్నప్పుడు, ఎండకు కాగిన ఆ గుడ్డ వెచ్చదనం చేతికి తగిలి, ఆ రోజంతటిలో మొదటిసారిగా ఊపిరి నిండుగా తీసుకున్నట్టు అనిపించేది. ఇంట్లో ఎవరి చొక్కా మడత పెడుతున్నానో వారి పేరు ఒక్కసారి దేవునికి చెప్పడం అలా అలవాటైంది. అయిదుగురి బట్టలకు అయిదు పేర్లు. దానికి వేరే సమయం అక్కరలేదు.

జవాబు: రాత్రి డ్యూటీ

నేను 19 సంవత్సరాలుగా నర్సుగా పని చేస్తున్నాను. పక్షవాతం వచ్చిన వారిని, వారికి సేవ చేసే ఇంటివారిని రోజూ చూస్తాను కాబట్టి, పై ఇద్దరి మాటలను గౌరవిస్తూనే ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. మీకు సంతోషం కనిపించకపోవడం భక్తి లోపం కాదు, అలసట కావచ్చు. కుమ్మరి కథ ఎంతో మంచిది, కానీ ‘నేను కూడా అలా ఉండాలి’ అనుకుంటే అది మరో బరువవుతుంది. మీ ఉత్తరంలో పనులన్నీ ‘నేను’ అనే చోట ఉన్నాయి. వారానికి కనీసం రెండు పూటలు మీ వారు తల్లికి అన్నం పెట్టి, ఒళ్లు తుడవాలి. ఇది మీకు విశ్రాంతి కోసమే కాదు, ఆ కొడుక్కి కూడా ఆ చేతిపని కావాలి. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, వారాల తరబడి ఏదీ రుచించకపోయినా డాక్టరుకు చెప్పండి.

అన్నం పెట్టడం గురించి. మంచం మీద పడుకోబెట్టి ఎప్పుడూ పెట్టకండి. వీపు వెనుక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్ద ఎడమ వైపు, అంటే బాగున్న వైపు పెట్టండి. గొంతు కదిలి ముద్ద దిగిందని చూసిన తర్వాతే రెండో ముద్ద. తిన్న తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి. తినేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు నీళ్లు నిండినట్టు గరగరమన్నా, మింగడాన్ని పరీక్షించే నిపుణులకు చూపించాలి. ఊపిరితిత్తుల్లోకి మెతుకు పోతే న్యుమోనియా రావచ్చు.

ఇక్కడే నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. గొంతు కదిలేవరకు ఆగడం అనేది, చూడటానికి చిన్న పనే గానీ, అంత సేపు వేరే ఏదీ ఆలోచించలేని పని. ఫోను చూడలేము, రేపటి గురించి అనుకోలేము. ఎదుటి మనిషి గొంతు మీదే కళ్లు ఉంటాయి. రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయనకు 20 ముద్దలు అలా తినిపించి లేచినప్పుడు, జపమాల తిప్పి లేచినట్టు నా మనసు నిలకడగా ఉన్నదని గమనించాను. మనసు నిలవడం లేదని మీరు అంటున్నారు. దీపం దగ్గర నిలవకపోవచ్చు, ముద్ద దగ్గర నిలుస్తున్నదేమో చూసుకోండి.

మాట పోయిన వారి విషయంలో మరొకటి. సొంతంగా ఒక్క వాక్యం కూడా కూర్చలేని వారిలో కొందరు, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన పాటనో, శ్లోకాన్నో, అంకెల వరుసనో ఎవరైనా మొదలుపెడితే అందుకుంటారు. మాటలు కూర్చుకోవడం వేరు, నాలుకకు అలవాటైన వరుస వేరు. అందరిలోనూ జరుగుతుందని చెప్పలేను. మీ అత్తయ్యగారు దశాబ్దాలుగా చదివిన స్తోత్రాలు ఉన్నాయి కాబట్టి, ఆవిడకు కనబడేలా కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టి, పంక్తి చివరి పదం దగ్గర ఆగి చూడండి. రాకపోతే మీరే పూర్తి చేసి ముందుకు వెళ్లండి. పరీక్ష పెట్టినట్టు మాత్రం ఉండకూడదు.

జవాబు: సిద్దిపేట వాసి

రాత్రి డ్యూటీ గారు చెప్పిన మాటకు ఒక మగవాడిగా తోడు మాట. మా అమ్మ పోయేవరకు, నాకు 52 ఏళ్ల వయసు వచ్చేవరకు, మా ఇంట్లో దీపం ఎలా వెలుగుతుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆమె మంచం పట్టిన ఆఖరి సంవత్సరంలో, తులసికి నీళ్లు పోశావా అని రోజూ అడిగితే ఆమె సంతృప్తి కోసం పోయడం మొదలుపెట్టాను. ఇప్పుడు అడిగేవారు లేరు. నీళ్లు పోసిన వెంటనే మట్టిలో నుంచి వచ్చే ఆ వాసన కోసం, ఆ ఒక్క నిమిషం అమ్మ ఇంట్లో ఉన్నట్టు ఉంటుందని పోస్తున్నాను. మీ వారికి ఈ జవాబు చూపించండి.

గోదావరి కోడలు (పదిహేను రోజుల తర్వాత)

జవాబులు రాసిన పెద్దలందరికీ నమస్కారం. ఆలస్యానికి క్షమించండి.

మా వారు ఆది, బుధవారాలు తల్లి పని చూస్తున్నారు. మొదటి రోజు ఇద్దరూ ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు ఆయన తల దువ్వితే ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటున్నారు. అన్నం పెట్టే పద్ధతి మార్చాను, దగ్గు తగ్గింది. అయినా ఒకసారి చూపించడానికి రోజు తీసుకున్నాము. తులసివనం గారూ, పత్తి మాత్రం కలిసి రాలేదు. ఒడిలో పెట్టగానే ఎడమ చేత్తో రెండుసార్లు రాసి చూసి, ఒత్తి తిరగకపోయేసరికి ముఖం పక్కకు తిప్పుకుని ‘వద్దు’ అన్నారు. ఆ రోజు మేమిద్దరమూ ఏడ్చాము. మళ్లీ పెట్టలేదు.

శ్లోకం సంగతి చెప్పాలి. మొన్న శుక్రవారం దీపం వెలిగించాక, పీట ఆవిడ మంచం పక్కకు లాక్కుని, వినాయకుడి శ్లోకం మొదలుపెట్టి పంక్తి చివర ఆగాను. ఆవిడ పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. నేనే పూర్తి చేశాను. మూడో రోజు చివరి పదం వచ్చింది. స్పష్టంగా లేదు, కానీ అదే పదం. నిన్న ఉదయం రెండు పంక్తులు ఇద్దరం కలిసి చెప్పుకున్నాము. మూడో పంక్తిలో నేను ఎప్పటిలాగే ఒత్తు లేకుండా పలికాను. ఆవిడ ఆగి, తల అడ్డంగా ఊపి, నా వైపు చూస్తూ ఆ అక్షరాన్ని గట్టిగా, ఒత్తి పలికారు. నేను మళ్లీ చెప్పాను. సరిపోలేదు. మళ్లీ పలికించారు.

వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా కారిపోయాయి. వాసన వచ్చినా నేను లేవలేదు.