ఉపగ్రహాలుండగా ధ్రువాల మంచు మీదికి మనిషి వెళ్లాలా?

లెక్కల మాస్టారు:
కొన్రాడ్ స్టెఫెన్ గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న తొలుస్తోంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త. 1990లో గ్రీన్‌లాండ్ మంచు మీద ‘స్విస్ క్యాంప్’ అనే పరిశోధన స్థావరం పెట్టి, మూడు దశాబ్దాలు అక్కడికే తిరిగాడు. 2020 ఆగస్టు 8న ఆ క్యాంప్ దగ్గరే మంచు పగులులో పడి చనిపోయాడు. 68 ఏళ్లు. మరోపక్క 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు, వాటి వారసులు గ్రీన్‌లాండ్‌ను పైనుంచే, గురుత్వాకర్షణలో తేడాలను బట్టి తూకం వేస్తూ వస్తున్నాయి. ఏటా సగటున 270 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) దాకా మంచు పోతోందని తేల్చింది అవే. ఇక మనిషి వెళ్లి చేసేదేముంది? మా విద్యార్థి ఈ దారి పడతానంటే నేనైతే వద్దంటాను.

చలిపులి:
మాస్టారూ, మనిషి బరువు తగ్గాడని కాటా చెబుతుంది. జబ్బేమిటో చెప్పదుగా!

స్విస్ క్యాంప్ దగ్గర మంచులో పాతిన జీపీఎస్ ఏం పట్టిందో చూడండి. చలికాలంలో రోజుకు 31 సెంటీమీటర్లు జరిగే మంచు, నడివేసవిలో 40 దాకా జరిగింది. పైన కరిగిన నీరు నిలువు బొరియల గుండా అడుగుకి దిగి, మంచుకీ రాతికీ మధ్య పట్టు సడలిస్తోందన్నమాట. 2002లో అచ్చయిన ఆ పరిశోధనా పత్రానికి మొదటి రచయిత జే జ్వాలీ, నాసాలో మంచు ఎత్తు కొలిచే ఐస్‌శాట్ ఉపగ్రహం పని చూసినవాడు. స్టెఫెన్ సహరచయిత. ఆకాశం వాళ్లు, నేల వాళ్లు అని మనం గీస్తున్న గీత వాళ్ల మధ్య లేదు. స్టెఫెన్ దగ్గర పీహెచ్‌డీ చేసిన వలీద్ అబ్దలాతి కూడా ఉపగ్రహాల మనిషే, తర్వాత నాసా ముఖ్య శాస్త్రవేత్త అయ్యాడు.

ఇంకోటి. ఐస్‌శాట్-2 లేజర్ మంచు ఎత్తు ఎంత తగ్గిందో చెబుతుంది. కరిగి పారిపోయి తగ్గిందా, పాత హిమం తనలో తాను ఒత్తుకుపోయి తగ్గిందా? రెండో రకంలో బరువు పోదు. ఆ తేడా తేలాలంటే ఎవరో ఒకరు గొయ్యి తవ్వి పొరపొరకీ సాంద్రత కొలవాలి.

లెక్కల మాస్టారు:
కరిగిన నీటి వల్ల మంచు వేగంగా సముద్రంలోకి జారిపోతుందన్న ఆ ‘జారుడు’ భయం తర్వాత చల్లబడింది కదండీ? 2008లో వాన్ డి వాల్ బృందం, కరుగుదల ఎక్కువైన ఏడాదుల్లో మొత్తం వేగమేమీ పెరగలేదని చూపించింది.

చలిపులి:
చూపించింది దేనితో? పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో 17 ఏళ్ల పాటు మంచు మీదే తీసిన కొలతలతో! మొదటి మాటా అక్కడిదే, దాని సవరణా అక్కడిదే.

ఉప్పాడ అబ్బాయి:
మీ గొడవ మధ్యలో మాదొకటి. గ్రీన్‌లాండ్ మంచు తగ్గితే అక్కడి గురుత్వాకర్షణ తగ్గి, చుట్టుపక్కల సముద్రం కిందికి దిగుతుందట. ఆ నీళ్లు దూరాన ఉన్న మనలాంటి తీరాలకొస్తాయి. మా ఊళ్లో ఇళ్లు కొట్టుకుపోతుంటే ఆ లెక్క తీసేవాళ్లని వద్దనడం ఏం న్యాయం మాస్టారూ?

లెక్కల మాస్టారు:
బాబూ, ఉప్పాడ కోత మొత్తాన్ని గ్రీన్‌లాండ్ ఖాతాలో వేయకు. గోదావరి ఒండ్రు తగ్గడం, రేవు కట్టడాలు కూడా కారణాలే. పైగా నేను లెక్క వద్దనలేదు, మనిషి వద్దన్నాను. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టి ఇంటికి రావచ్చుగా?

ఓవర్‌కోటు:
పెట్టింది కూడా స్టెఫెనేనండీ, గ్రీన్‌లాండ్ అంతటా సుమారు 20! పెట్టి వదిలేస్తే పనయిపోదు. ఎగువన మంచు పడి స్తంభాన్ని పూడ్చేస్తుంది, దిగువన కింద మంచు కరిగి స్తంభం ఒరిగిపోతుంది. పైకి లేపడానికో తిరిగి పాతడానికో ఎవరో వెళ్లాల్సిందే. క్యాంప్ వేదిక కూడా మంచులో దించిన స్తంభాల మీదే ఉండేది. కరుగుదలకి అదీ కూలితే మళ్లీ కట్టుకున్నారు.

లెక్కల మాస్టారు:
సరే, స్తంభం పాతడానికి వెళ్లనివ్వండి. పగుళ్లు పెరుగుతున్న అంచుల్లో మాత్రం హెలికాప్టర్ దిగిన చోటు దాటి అడుగు వేయనివ్వను.

చలిపులి:
మరి గొయ్యి ఎక్కడ తవ్వమంటారు, హెలికాప్టర్ కిందా?