వీఓసీ తక్కువున్న పాలిష్ అడుగుతున్నారు, నెల్లూరులో చిన్న షాపులకు ఇది కుదిరే పనేనా?

చెక్కపని_నెల్లూరు
బెంగళూరులో ఒక ఆఫీసుకు టేబుళ్లు, వార్డ్‌రోబులు చేసిచ్చే ఆర్డరు వచ్చింది. రేటు బాగుంది. అయితే కాగితంలో ఒక షరతు పెట్టారు. పాలిష్‌లో వీఓసీ, అంటే ఆరేటప్పుడు ఆవిరై గాల్లో కలిసిపోయే ద్రావకాలు, లీటరుకు ఇన్ని గ్రాములు దాటకూడదు, ప్రతి బ్యాచ్‌కీ కంపెనీ టెస్ట్ రిపోర్టు జతచేయాలి. మా షాపులో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) లాంటి థిన్నర్ కలిపే పాలిష్‌లు తప్ప వేరేది వాడలేదు. వాటర్ బేస్డ్‌కి, అంటే నీళ్లు కలిపే పాలిష్‌కి మారడం మాలాంటి వాళ్లకు అయ్యే పనేనా? రేపు ప్రభుత్వం ఇదే రూలు అందరికీ పెడితే నిలబడతామా?

స్ప్రేగన్_కావలి
కాదన్నా. నేను పాలిష్ కొట్టేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. కార్తీకంలో మన దగ్గర ముసురు పట్టిందంటే ఎన్‌సీ కూడా తెల్లగా పాలిపోతుంది, మెల్లగా ఆరేలా ఏదో రిటార్డర్ కలిపి నెట్టుకొస్తాం. నీళ్ల పాలిష్ ఆ తేమలో ఒక కోటు ఆరేదాకా రెండోది పడదు, పైగా మొదటి కోటుకే చెక్క పీచు లేస్తుంది, మళ్లీ ఉప్పు కాగితం పట్టి రుద్దాలి. నాకు కూలీ చదరపు అడుగు లెక్కన. ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చున్న రోజుకి డబ్బులు ఎవరిస్తారు?

దర్గామిట్ట_వాసి
మా ఇంట్లో మెలమైన్ కొట్టించాక వారం దాకా పిల్లల కళ్లు మండాయి. రూలు రావాల్సిందే.

కెమిస్ట్_ఒంగోలు
కళ్లు మండటం ఊరికే కాదు. మెలమైన్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, అది క్యాన్సర్ కారకమని తేలిన రసాయనం. ఎన్‌సీ డబ్బాలో అయితే సగానికి పైగా ద్రావకమే ఉంటుంది, అదంతా గాల్లోకి పోవాల్సిందే. ఆ ఆవిరి వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో కలిస్తే నేలమట్టంలో ఓజోన్ తయారవుతుంది, అది ఊపిరితిత్తులకు చేటు. అందుకే యూరప్‌లో 2004లోనే రంగుల్లో వీఓసీకి హద్దులు పెట్టారు. ఇంటి లోపలి గోడలకు వేసే మ్యాట్ రంగుల్లో 2010 నుంచి లీటరుకు 30 గ్రాములే. మన దేశంలోనూ ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదని 2016లో రూలు తెచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలు చేశారు. హద్దు పెడితే కంపెనీలే మారతాయి. వాన, తేమ అని సాకులు చెప్తే ఎప్పటికీ మారం.

స్ప్రేగన్_కావలి
సాకులంటారేంది సార్? నవంబరులో కావలి వచ్చి ఒక తలుపుకి కోటు వేసి చూపించండి. సీసం రూలు ఇంటి రంగులకే, లారీ బాడీలకు కొట్టే ఇండస్ట్రియల్ పెయింట్లు దాని కిందకి రావు. మా తమ్ముడు ఆ లారీల పనిలోనే ఉన్నాడు. వాడి గురించి ఆ రూలులో ఏమైనా రాశారా?

చీమకుర్తి_రాయి
మా దగ్గర గ్రానైట్ స్లాబులకు ఎపాక్సీ రెసిన్ పూసి పాలిష్ పడతారు. ఆ వాసన గురించి అడిగిన నాథుడు లేడు.

కెమిస్ట్_ఒంగోలు
తమ్ముడూ, సీసం ఉదాహరణకి చెప్పాను. అసలు విషయం గ్రాముల లెక్క. ఇంకోటి చెక్కపని గారికి చెప్పాలి. కంపెనీ ఇచ్చే రిపోర్టు డబ్బాలో ఉన్న సరుకుకే. యూరప్ హద్దు మాత్రం వాడటానికి సిద్ధం చేసిన రంగుకి, అంటే మీరు కలిపే థిన్నర్‌తో సహా. రిపోర్టు ఫైల్లో పెట్టి, షాపులో స్ప్రే గన్ నుంచి జారట్లేదని ఇంకో అరలీటరు థిన్నర్ పోస్తే షరతు తప్పొచ్చు. మీ ఒప్పందంలో ఏ స్థితిలో కొలుస్తారో ముందే రాయించుకోండి.

స్ప్రేగన్_కావలి
మీరే ఇంకో చర్చలో రాశారు, అమెరికాలో 1995 నుంచి ఏసిటోన్ అనే ద్రావకాన్ని వీఓసీ లెక్కలోంచి తీసేశారని. అది పీల్చినా తల తిరుగుతుంది గదా? దాన్ని ఎందుకు వదిలారు?

కెమిస్ట్_ఒంగోలు
ఓజోన్ తయారవడంలో దాని పాత్ర చాలా తక్కువ, అందుకని. అది సైన్స్ లెక్క.

స్ప్రేగన్_కావలి
అట్టయితే మిథిలీన్ క్లోరైడ్?

కెమిస్ట్_ఒంగోలు
అమెరికా లెక్కలో అదీ అదే కారణంతో వీఓసీ కిందకి రాదు.

స్ప్రేగన్_కావలి
చూశారా! పాత పెయింట్ ఊడగొట్టడానికి అది వాడి మనుషులు చచ్చిపోయారని, ఇళ్లలో వాడేవాళ్లకి ఆ రిమూవర్ అమ్మకూడదని అదే అమెరికాలో 2019లో ఆపేశారు. మనుషుల్ని చంపే సరుకు మీ గ్రాముల లెక్కలో సున్నా. ఇక మీ లెక్క ఎవరికి సార్? పైన ఆకాశానికా, కింద గన్ పట్టుకున్న నాకా?

కెమిస్ట్_ఒంగోలు
ఒక్క రసాయనం పట్టుకుని మొత్తం రూలుని చెత్త అంటే ఎట్లా? థిన్నర్‌లో ఉండే టోల్యూన్, జైలీన్ లాంటి ద్రావకాలు తగ్గితే బయట గాలికీ మంచిదే, నీకూ మంచిదే. చదివి మాట్లాడు.

స్ప్రేగన్_కావలి
నేను పదో తరగతి తప్పాను. చదువు లేకపోయినా ముక్కు ఉంది. పాలిష్ కొట్టేటప్పుడు దుమ్ము పడి గింజలు కడతాయని తలుపులు, కిటికీలు మూయిస్తారు, ఫ్యాన్ కూడా వేయనివ్వరు. నేల తడిపి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని లోపల ఉండేది నేను. రాత్రి అన్నం నోట్లో పెడితే థిన్నర్ రుచి. ఇంతకు ముందు పనిచేసిన చోట దగ్గు వస్తోంది, కాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొనివ్వండి అంటే, నీకు పడకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాం అన్నారు. ఇప్పుడు బెంగళూరు ఏసీలో కూర్చునేవాళ్లకి వాసన రాకూడదని గ్రాములు కొలుస్తున్నారు. ఆ కాగితంలో నా గురించి ఒక్క ముక్క రాశారా, చెక్కపని అన్నా చెప్పాలి.

చెక్కపని_నెల్లూరు
మొత్తం మళ్లీ చదివాను. పనివాళ్ల మాట ఎక్కడా లేదు. ఫర్నిచర్ వాళ్ల ఆఫీసుకు చేరాక గదిలో గాలి ఎట్లా ఉండాలో ఉంది, అంతే. కానీ తమ్ముడూ, యజమానుల మీద పడితే లాభం లేదు. చదరపు అడుగు రేటు ఆ ఆఫీసు ఇంటీరియర్ కాంట్రాక్టర్ తేలుస్తాడు. వాటర్ బేస్డ్ డబ్బా ఖరీదెక్కువ, ఆరడానికి అదనపు రోజులు, ఇవన్నీ నా నెత్తిన వేసుకుంటే మిగిలేది ఏమీ ఉండదు.

స్ప్రేగన్_కావలి
అందుకే నేను మొదటి నుంచి ఆ రోజు కూలీ ఎవరిస్తారని అడుగుతున్నా. ఎవరూ దానికి జవాబు చెప్పలేదు. నీళ్ల పాలిష్ మీద నాకు పగ లేదన్నా. ఆరే రోజులకి కూలీ కట్టించండి, రేపే మొదలుపెడతా.

కెమిస్ట్_ఒంగోలు
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. తువ్వాలు, గుడ్డ మాస్కులు దుమ్మునే కొంత ఆపుతాయి, ఆవిరిని ఆపవు. యాక్టివేటెడ్ కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, కాట్రిడ్జ్‌లు నిండిపోతాయి కాబట్టి మారుస్తుండాలి. దుమ్ము పడకుండా వడకట్టిన గాలి లోపలికి వచ్చి, ఆవిరి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. అయినా గ్రాముల హద్దు వదలకూడదనే అంటాను. ఫ్యాన్ పెట్టి బయటికి తోలిన ఆవిరి పక్కింటికి పోతుంది, పక్కింటివాడికి మాస్క్ ఎవరిస్తారు?

దర్గామిట్ట_వాసి
ఆ పక్కిల్లు మాదే.

స్ప్రేగన్_కావలి
హద్దు పెట్టండి సార్, కాదనను. గన్ పట్టినోణ్ణి కూడా అందులో రాయండి.

చెక్కపని_నెల్లూరు
కొటేషన్ మళ్లీ రాస్తున్నా. ఆరే రోజుల కూలీ ఒక వరస, మాస్కులు, కాట్రిడ్జ్‌లు, ఎగ్జాస్ట్ ఇంకో వరస, థిన్నర్ కలపని సరుకు అని విడిగా ఇంకోటి. వాళ్లు ఆ వరసలు కొట్టేస్తే ఆర్డరు వదిలేస్తానని మాత్రం మాట ఇవ్వలేను, షాపు మీద అప్పుంది. జవాబు వచ్చాక ఇక్కడే పెడతా.