ఫైర్‌ఫాక్స్‌లో ప్లేస్‌హోల్డర్ వెలిసిపోతోంది, వత్తులు తెగిపోతున్నాయి

నాగావళి (శ్రీకాకుళం):
పొందూరు ఖాదీ ఆర్డర్ల ఫారం ఇది. సీఎస్ఎస్‌లో ప్లేస్‌హోల్డర్‌కి (ఖాళీ గడిలో కనిపించే సూచన మాటకి) #999999 రంగు ఇస్తే క్రోమ్‌లో సరిగ్గానే ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో కడిగేసినట్టుంది. పాత బ్రౌజర్ల కోసం వెబ్‌కిట్ (క్రోమ్, సఫారీ), మోజ్ (ఫైర్‌ఫాక్స్), ఎంఎస్ (ఎక్స్‌ప్లోరర్) ప్రిఫిక్సులున్న సెలెక్టర్లన్నీ కామాలతో ఒకే రూలులో పెట్టాను. అప్పట్నుంచి ఎక్కడా రంగే పడట్లేదు. పైగా "ఉదా: ఇచ్ఛాపురం"లో ఛ వత్తు కింద తెగిపోతోంది. గడి ఎత్తు 28 పిక్సెళ్లు, ఫాంట్ 18, పాడింగ్ పైనా కిందా 4, బోర్డర్-బాక్స్ (పాడింగ్, అంచులు ఆ ఎత్తులోనే కలిసి). ఏటి మార్చాలండి?

చంపావతి (విజయనగరం):
కామాలు తీసెయ్యండి. వరుసలో ఒక్క సెలెక్టర్ (రూలు దేనికి వర్తించాలో చెప్పే పేరు) తెలియకపోయినా బ్రౌజర్ మొత్తం రూలునే వదిలేస్తుంది. దేని రూలు దానికి విడిగా రాయాలి.

అసలు ఇప్పుడు రెండు కోలన్ల ::ప్లేస్‌హోల్డర్ ఒక్కటీ చాలు. క్రోమ్ 57, ఫైర్‌ఫాక్స్ 51, సఫారీ 10.1 (మూడూ 2017లోవే), ఎడ్జ్ 79 (2020) నుంచి పనిచేస్తుంది. పాతవి తప్పదంటే కోలన్లు చూసుకోండి: మోజ్‌కి ఫైర్‌ఫాక్స్ 4–18లో ఒకటి, 19–50లో రెండు, ఎక్స్‌ప్లోరర్ 10, 11లో ఒకటే. ఎక్స్‌ప్లోరర్‌లో అది ఇన్‌పుట్‌కే (గడికే) తగులుతుంది కాబట్టి, ఐడీతో రాసిన రంగు దాన్ని మింగేస్తుంది. చేత్తో రాసేకంటే ప్రిఫిక్సులు తానే చేర్చే ఆటోప్రిఫిక్సర్‌కి వదిలేయడం మేలు.

వెలిసిపోవడానికి కారణం ఫైర్‌ఫాక్స్ తనంతట తాను 0.54 ఒపాసిటీ (1 అంటే పూర్తి రంగు, 0 అంటే కనబడదు) పెట్టుకుంటూ రావడం. రంగు పక్కనే ఒపాసిటీ 1 అని రాయండి.

వంశధార (శ్రీకాకుళం):
ఒపాసిటీ సరిచేసినా #999999 చాలదు బాబూ. తెల్ల గడి మీద దాని కాంట్రాస్ట్ 2.85, వెబ్ ప్రమాణం (WCAG) ప్రకారం కావాల్సింది 4.5. #767676 పెడితే 4.54 వస్తుంది. ఎండలో ఫోన్ పట్టుకుని చూసేవాళ్లకి ఆ తేడా చాలా పెద్దది.

వత్తు సంగతి: 28లో పాడింగ్ 8, అంచులు 2 పోతే అక్షరానికి మిగిలింది 18. తెలుగుకి ఛ వత్తు కిందకి, గుడి పైకి వెళ్లాలి కదా, ఎక్కడ పడుతుంది? ఎత్తు తీసేసి పాడింగ్ 8 ఇవ్వండి, లైన్-హైట్ 1.6 పెట్టండి. ఇది ఇన్‌పుట్‌కే పెట్టాలి. ప్లేస్‌హోల్డర్‌కి వేరుగా పెడితే రాసే అక్షరాలూ అదీ ఒక వరుసలో ఉండవు. ఫారం గడులు పేజీ ఫాంట్‌ని వాటంతట అవి తీసుకోవు, ఫాంట్: ఇన్‌హెరిట్ అని కూడా చేర్చండి.

నాగావళి:
రెండూ కుదిరాయి. ప్లేస్‌హోల్డర్‌ని కాస్త కుడికి జరపడానికి దానికే మార్జిన్ ఇవ్వొచ్చా?

చంపావతి:
వద్దండి. ::ఫస్ట్-లైన్‌కి (పేరాలో మొదటి వరుసని పట్టుకునే సెలెక్టర్‌కి) చెల్లే ప్రాపర్టీలే దీనికీ: ఫాంట్, రంగు, బ్యాక్‌గ్రౌండ్, అక్షరాల ఎడం లాంటివి. ఇన్‌పుట్‌కి ఎడమ పాడింగ్ పెంచండి. "ఊరు" అన్న మాట మాత్రం లేబుల్‌లోనే ఉండనివ్వండి, టైప్ చేయగానే ప్లేస్‌హోల్డర్ మాయమైపోతుంది.